ఇడ్లీ ఎన్నింటికి అయిపోతుంది? – చిక్కడపల్లి టిఫిన్ గైడ్ ప్రాజెక్టు డైరీ

ఈ సైటు మా బాబాయ్‌ది. బ్యాంకులో రిటైరయ్యాక మొదలుపెట్టాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల ఎక్కడ ఏం దొరుకుతుందో చెప్పే గైడ్. నాకు వెబ్ పనే బతుకుతెరువు, ఉండేది మియాపూర్‌లో. మెట్రో పొద్దున ఆరింటికి గానీ మొదలవదు, ఇడ్లీ బండ్లు దానికంటే ముందే లేస్తాయి. అందుకని శనివారం రాత్రి పిన్ని వాళ్లింట్లో పడుకుని పని చేశాను. సైటు పేరు ఇక్కడ రాయను, ప్రచారానికి కాదు కదా. మీ పేటకో మీ ఊరికో ఇలాంటిదే నడుపుతుంటే పనికొచ్చినది తీసుకోండి, మేం పడ్డ గుంటల్లో మాత్రం పడకండి.

దశ 0: మొదట్లో ఉన్న లెక్క (18 ఆగస్టు 2024)

- పేజీలు: 412
- గూగుల్ ఇండెక్స్‌లో (వెతికితే చూపించే జాబితాలో) ఉన్నవి: 38
- గత 28 రోజుల్లో వెతుకులాటలో కనిపించింది: 3,912 సార్లు
- క్లిక్కులు: 57 (నావీ బాబాయ్‌వీ కలిపి పదిహేనైనా ఉంటాయి)
- హోం పేజీ బరువు: 6.8 ఎంబీ

412 పేజీలు ఎక్కడివంటే, అంతకుముందు సైటు చేసిపెట్టిన కుర్రాడు "పెద్దవాళ్లతో పోటీ అంటే పేజీలు ఎక్కువుండాలి అంకుల్" అన్నాడట. అవే మూడు పేరాలు, ఏరియా పేరు ఒక్కటే మార్పు. మాదాపూర్‌లో నోరూరించే రుచులు, కొండాపూర్‌లో నోరూరించే రుచులు, గచ్చిబౌలిలోనూ అవే నోరూరించే రుచులు. సెర్చ్ కన్సోల్ (మన సైటుని గూగుల్ ఎలా చూస్తోందో చెప్పే దాని పనిముట్టు) తెరిస్తే 374 పేజీల పక్కన ఒకటే మాట: క్రాల్ చేశాం, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు. అంటే గూగుల్ వచ్చింది, చూసింది, పెట్టుకోదగ్గది కాదనుకుని వెళ్లిపోయింది. ఇంతకంటే మర్యాదగా ఎవరు చెప్తారు.

హోం పేజీలో పైనే "హైదరాబాద్ టాప్ 25 బిర్యానీ". వెతుకులాటలో దాని సగటు స్థానం 74. హలీంకి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహార రంగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. బిర్యానీ, హలీం గురించి రాయనివాడు లేడు. అక్కడ ఇంకొకరికి చోటు లేదు. ఆ పేజీ అదే రోజు తీసేశాను. బాబాయ్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

దశ 1: కోత (24 ఆగస్టు – 22 సెప్టెంబర్)

పెట్టుకున్న నియమం ఒక్కటే. బాబాయ్ ఇంటి నుంచి నడిచి వెళ్లి చూడలేని చోటు సైటులో ఉండకూడదు. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నుంచి కిలోమీటరు గీత గీశాం.

1. గీత బయట ఉన్నవి 316. చూడకుండానే తీసేశాం.
2. లోపల మిగిలినవి 96. తొమ్మిది పొద్దుటిపూటల్లో అన్నిటికీ వెళ్లాం.
3. మూతపడ్డవీ పేరూ చేతులూ మారినవీ 21. ఎంత వెతికినా దొరకనివి 14.
4. మిగిలినవి 61.

దొరకని ఆ 14 ఎప్పుడైనా ఉండేవా అన్నది నా అనుమానం.

ఇక్కడ నా తప్పు. తీసేసిన 351 పేజీల చిరునామాలనూ గంపగుత్తగా హోం పేజీకి మళ్లించాను. పాత లింకులు వృథా కావని నా లెక్క. రెండు వారాలకి సెర్చ్ కన్సోల్ వాటిని సాఫ్ట్ 404 (పేరుకి తెరుచుకున్నా అడిగింది లేని పేజీ) కింద కుప్పపోసింది. మూతపడ్డ హోటల్ గురించి వచ్చినవాణ్ని హోం పేజీలో దింపితే అది మళ్లింపు కాదు, తప్పించుకోవడం. మార్చింది ఇలా: చేతులు మారి అదే చోట నడుస్తున్న 8 పాత పేజీలను మాత్రం 301తో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే కోడ్) కొత్త పేజీకి పంపాను, మిగతా 343కి 410 ఇచ్చాను. 410 అంటే "ఇది పోయింది, మళ్లీ రాకు" అని సూటిగా చెప్పడం. గొడవ సద్దుమణిగింది.

లెక్క: ఎంట్రీలు 61, నడిచింది 23 కి.మీ., టిఫిన్ ఖర్చు ₹1,140.

దశ 2: ఏం రాసుకోవాలి (28 సెప్టెంబర్ – 27 అక్టోబర్)

ఈ దశకి పట్టిన టైము మిగతా వాటికి పట్టలేదు. పనికొచ్చిన ఆలోచన ఏదైనా పుట్టిందంటే ఇక్కడే.

మొదట నేను 22 గడుల ఫారం చేశాను. వాతావరణం, సర్వీసు, పార్కింగు, శుభ్రతకి పదికి ఎన్ని... బాబాయ్ మొదటి రోజు ఆరు గడులు నింపి తెచ్చాడు. "మిగతావి?" అంటే "బండి దగ్గర వాతావరణం ఏం రాయనమ్మా, ఎండగా ఉంది" అన్నాడు. రెండో రోజూ ఆరే. మూడో రోజు చూస్తే నింపినవి అవే ఆరు. అప్పుడు అర్థమైంది, తినేవాడికి కావాల్సింది ఆరేనని:

1. మొదటి వాయి ఎన్నింటికి దిగుతుంది
2. ఎన్నింటికి అయిపోతుంది
3. సెలవు ఏ రోజు
4. ఒక ఐటం ధర, చూసిన తేదీ
5. కూర్చునా, నిలబడా
6. ఫోన్‌పే ఉందా, చిల్లర పట్టుకెళ్లాలా

మిగతా 16 గడులు కొట్టేశాను.

రెండో గడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఒక సందులో ఇడ్లీ బండి ఉంది. పేరు లేదు, బోర్డు లేదు, డెలివరీ యాప్‌లో లేదు. యాప్‌లో చేరాలంటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కావాలి, పైన కమిషన్. ఉన్న గిరాకీకే వాళ్లకి ఊపిరాడదు, ఇంకా యాప్ ఎందుకు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు సంచి భుజాన వేసుకుని ఇక్కడ తిని లైబ్రరీలో సీటు పట్టడానికి పరిగెడతారు. 5:50కి స్టవ్ వెలిగింది. 6:12కి మొదటి వాయి దిగింది. ఆవిడ రేకు మీది తడిగుడ్డని ఒక్క లాగు లాగితే ఇడ్లీలు వరసగా బోర్లాపడ్డాయి, చేత్తో ముట్టుకోకుండా గరిటెతో స్టీలు డబ్బాలోకి తోసింది. పల్లీ చట్నీ బకెట్లో, అల్లం చట్నీ చిన్న గిన్నెలో. ఆ చిన్న గిన్నె కోసమే ఈ తొందరంతా.

ఎన్నింటిదాకా ఉంటారండీ అని అడిగాను. "పదిన్నర దాకా ఉంటామమ్మా" అన్నాడాయన. అదే సైటులో రాశాను. వారంలో ఇద్దరు రాశారు: పదింటికి వెళ్లాం, ఏమీ లేదు. మళ్లీ వెళ్లి నిలబడ్డాను. 9:05కి అల్లం చట్నీ గిన్నె ఖాళీ. 9:20కి ఇడ్లీ ఖాళీ. పదిన్నర దాకా వాళ్లు అక్కడే ఉన్నారు, గిన్నెలు కడుగుతూ. ఆయన అబద్ధం ఏమీ చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు.

అప్పట్నుంచి అడగడం మానేసి కొలవడం మొదలుపెట్టాం. ఆ బండి దగ్గర ఇడ్లీ అయిపోయిన టైము:

- సోమవారం 9:20
- మంగళవారం 9:05
- గురువారం 9:15
- శనివారం 8:50
- ఆదివారం 8:10

మొదట వీటి సగటు తీశాను, 8:56 వచ్చింది. "9 దాకా" అని పెట్టాను. ఆ ఆదివారమే ఒకాయన హెల్మెట్ తీయకుండానే ఖాళీ డబ్బా వైపు చూసి బాబాయ్‌తో "మీరేనా ఆ సైటు" అన్నాడట. సగటు ఇక్కడ పనికిరాదు. సగటు చూసి వచ్చినవాళ్లలో చాలామంది ఉత్త చేతులతోనే వెళ్తారు. అన్నిటికంటే ముందు అయిపోయిన టైము తీసుకుని ఐదో పదో నిమిషాలు తగ్గించాలి. ఇప్పుడు అక్కడ ఉన్నది: "8:45లోపు వెళ్తే ఖాయం. ఆదివారమైతే 8లోపు."

సైటు మొత్తంలో పెద్ద కంపెనీలు ఇవ్వలేనిది ఈ ఒక్క వాక్యమే. వాళ్లకి తెలివి లేక కాదు. ఐదు పొద్దుటిపూటలు ఒక బండి దగ్గర నిలబడే మనిషిని జీతమిచ్చి పెట్టుకోవడం వాళ్ల లెక్కలో ఎప్పటికీ గిట్టుబాటు కాదు. మా లెక్కలో బాబాయ్‌కి ఇందిరా పార్కు వాకింగ్ ఎలాగూ ఉంది.

నక్షత్రాలు కూడా ఈ దశలోనే పోయాయి. పాత సైటులో ప్రతి చోటుకీ ఐదుకి ఇన్ని అని ఉండేవి. 61 చోట్ల సగటు 4.1, అన్నిటికంటే తక్కువ 3.8. రేటింగు ఇచ్చింది ఎవరయ్యా అంటే బాబాయ్, పిన్ని, ఎదురింటి అంకుల్. అందరూ 4.1 అయితే ఎవరికీ ఏమీ కానట్టే. పైగా ఆన్‌లైన్ రివ్యూలకి దేశంలో ప్రమాణాలు చూసే బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ప్రమాణం తెచ్చింది. రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడటం, రివ్యూలను ఎలా వడకడుతున్నారో బయటికి చెప్పడం లాంటివి అందులో ఉన్నాయి. ముగ్గురం కూర్చుని చేసే పని కాదది. నక్షత్రాల స్థానంలో "చివరిసారి వెళ్లి చూసింది: ఫలానా తేదీ" అని పెట్టాం. 45 రోజులు దాటితే ఆ తేదీ ఎరుపు రంగుకి మారుతుంది. మాకూ సిగ్గుగా ఉండాలి కదా.

లెక్క: ఎంట్రీలు 61, నడిచింది 71 కి.మీ., టిఫిన్ ఖర్చు ₹3,380.

దశ 3: బరువు, అక్షరాలు (2 – 24 నవంబర్)

కార్తీక మాసం. పిన్ని సోమవారాలు ఉపవాసం, ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని కోడ్ పని చేశాను.

హోం పేజీ బరువు తగ్గించిన వరస:

1. కదిలే ఫొటోల స్లైడర్ తీసేశాను: 6.8 ఎంబీ నుంచి 3.1.
2. ఫోన్‌లో తీసిన ఫొటోలను 1200 పిక్సెళ్ల వెబ్‌పీ (తక్కువ బరువుండే ఫొటో రకం) చేశాను: 1.2 ఎంబీ.
3. మ్యాప్ నొక్కితేనే తెరుచుకునేలా మార్చాను: 720 కేబీ.
4. వెబ్ ఫాంట్లు పూర్తిగా వదిలేశాను. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఫోన్లోనే ఉంటాయి, మళ్లీ దింపించడం దేనికి: 340 కేబీ.

ఇంత చేసినా బాబాయ్ ఫోన్‌లో ముఖ్యమైన బొమ్మ కనపడటానికి 3.4 సెకన్లు. మొదట్లో 7.9 ఉండేది కాబట్టి మెరుగే, కానీ గూగుల్ బాగుందనేది 2.5 లోపు ఉంటేనే. ఒక సాయంత్రమంతా సర్వర్ని అనుమానించాను. తీరా చూస్తే సైటుకి తగిలించిన ఒక ప్లగిన్ అన్ని బొమ్మలకీ లేజీ లోడింగ్ (దగ్గరికి జరిపితేనే బొమ్మ దిగడం) పెట్టింది, పేజీ తెరవగానే కనపడాల్సిన మొదటి బొమ్మకి కూడా. దాని ఒక్కదానికి తీసేస్తే 2.2 సెకన్లు. వేగం పెంచుతామన్న ప్లగినే ఆలస్యం చేస్తోంది.

తెలుగు అక్షరాల దగ్గర మూడు దెబ్బలు తగిలాయి. తెలుగులో సైటు నడిపే ప్రతివాళ్లూ ఇవి ఒకసారి చూసుకోండి.

మొదటిది వత్తులు. థీమ్ ఇంగ్లీషు కోసం చేసింది, హెడ్డింగులకి లైన్ హైట్ (వరస ఎత్తు) 1.2, గీత దాటినదాన్ని దాచేయమని ఇంకో ఆదేశం. ఇంగ్లీషుకి సరిపోతుంది. మనకి కింద వత్తులుంటాయి. ఫోన్‌లో పెద్ద అక్షరాల్లో "చికడపలి" అని కనపడుతోంది. క వత్తూ ల వత్తూ గీత కింద తెగిపోయాయి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా అంటే బాబాయ్, "నా ఫోన్ అద్దం పగిలిందిగా, అందుకనుకున్నా" అన్నాడు. లైన్ హైట్ 1.7 చేశాను, దాచే ఆదేశం తీసేశాను.

రెండోది లెటర్-స్పేసింగ్. ఇంగ్లీషు పెద్దక్షరాల మధ్య స్టైల్‌గా ఖాళీ ఉంచడానికి పెట్టింది. తెలుగులో మాట విడివిడిగా రాలినట్టుంటుంది. సున్నా చేశాను.

మూడోది లింకులు. చిరునామాల్లో తెలుగు అక్షరాలే ఉంచాలని నాకు ముచ్చట. కంప్యూటర్ అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, లింకు కాపీ చేస్తే బైటుకి మూడు గుర్తులు. "చిక్కడపల్లి"లో గుడులూ పొల్లులూ విడదీస్తే 11 కోడ్‌లు, అంటే 99 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులూ అంకెలూ కలిసి నాలుగు వరసల గోల. అది చూసి "ఇది వైరస్ లింకా అక్కా" అని ఒక పిల్లాడు అడిగాడు. ముచ్చట తీరింది. చిరునామాలు పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పాతవాటికి 301 పెట్టాను. పేజీలో మాత్రం అంతా తెలుగే.

ఇంకో సంగతి. చిక్కడపల్లిని ఇంగ్లీషు అక్షరాల్లో జనం నాలుగు రకాలుగా కొడుతున్నారు, సెర్చ్ కన్సోల్‌లో నాలుగూ కనిపించాయి. నాలుగింటికీ నాలుగు పేజీలు చేయాలనే దుర్బుద్ధి నాకూ పుట్టింది. దశ 0 గుర్తొచ్చి ఆగాను.

లెక్క: హోం పేజీ 340 కేబీ, 2.2 సెకన్లు. ఖర్చు మారలేదు.

దశ 4: మ్యాప్ పిన్నులు (30 నవంబర్ – 14 డిసెంబర్)

మ్యాప్‌ని గూగుల్ నుంచి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌కి (జనం కలిసి గీసిన మ్యాప్), దాన్ని పేజీలో చూపించే లీఫ్లెట్‌కి మార్చాను. తేలిక, కీ (గూగుల్ ఇచ్చే అనుమతి కోడ్) గొడవ లేదు, కింద వాళ్ల పేరు రాస్తే చాలు. బండ్ల స్థానాలు బాబాయ్ ఫోన్‌లో తీసి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాడు. మ్యాప్ తెరిస్తే బండ్లన్నీ గళ్ల నోట్‌బుక్‌లో పెట్టినట్టు వరసలుగా ఉన్నాయి. మూడు బండ్లు ఒకే పిన్ను మీద.

కారణం: స్ప్రెడ్‌షీట్ దశాంశాలను మూడు అంకెలకి కుదించింది. అక్షాంశంలో మూడో దశాంశం విలువ సుమారు 110 మీటర్లు, కుదిస్తే అటో ఇటో 55 మీటర్ల దాకా తప్పు రావచ్చు. హైవే మీద ధాబాకి అది పట్టింపు కాదు. చిక్కడపల్లిలో 55 మీటర్లంటే పక్క సందు. ఐదు దశాంశాలుంటే మీటరు తేడా. ఆ గడులను అక్షరాలుగా మార్చి మళ్లీ ఎక్కించాం. పాతవి పోయాయి కాబట్టి మళ్లీ నడిచాం.

అయినా ఎత్తైన ఇళ్ల మధ్య సందుల్లో జీపీఎస్ తడబడుతుంది. ఒకే చోట నిలబడి మూడుసార్లు తీస్తే మూడోది 18 మీటర్ల అవతల, ఎవరింటి మేడ మీదో పడింది. అందుకని పిన్నుతో పాటు దారి మాటల్లో కూడా రాశాం, మనిషిని అడిగితే ఎలా చెప్తాడో అలాగే: "లైబ్రరీ గేటుకి వీపు పెట్టి నిలబడితే ఎడమ చేతి రెండో సందు, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక." దుకాణం పేరు గుర్తుగా వాడకూడదని నియమం పెట్టుకున్నాం, దుకాణాలు మారతాయి. ట్రాన్స్‌ఫార్మర్, వేపచెట్టు, గుడి మారవు. వేపచెట్టు గురించి పిన్ని పందెం కాయనంది.

లెక్క: నడిచింది 84 కి.మీ., టిఫిన్ ఖర్చు ₹3,640.

దశ 5: తాళాలు (15 డిసెంబర్ – 19 జనవరి 2025)

డిసెంబర్ 15, 16 గ్రూప్-2 పరీక్షలు. ఆ రెండు రోజులూ బాబాయ్ పొద్దున్నే వెళ్తే పిల్లలంతా సెంటర్లకి పోయారు, బండ్ల దగ్గర ఇడ్లీ పదింటికి కూడా ఉంది. ఆ రెండు రోజుల కొలతలు లెక్కలోంచి తీసేశాను. ఈ పేటలో పంచాంగంతో పాటు పరీక్షల క్యాలెండర్ కూడా చూసుకుంటేనే కొలతకి విలువ.

పని గంటలను స్కీమా కోడ్‌లో (గూగుల్ లాంటివి చదువుకునే పద్ధతిలో) పెట్టడం ఈ దశ పని. మామూలు రోజులు తేలికే. సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా నడిచే చోట నా కోడ్ తడబడింది: మూసే టైము తెరిచే టైము కంటే చిన్నదైతే "మూసి ఉంది" అనేసింది. గంటలో సరిచేశాను.

అసలు గుండ్రాయి సంక్రాంతికి తగిలింది. ఇక్కడి మెస్సులు చాలావరకు గోదావరి, గుంటూరు వైపు వాళ్లవి. పండక్కి తాళం వేసి వారం ఊరెళ్తారు. ముందే ఫోన్ చేసి 11 మెస్సుల తేదీలు రాసుకున్నాం, బాగానే ఉంది. రోజంతా సెలవు అని కోడ్‌లో చెప్పాలంటే తెరిచేదీ మూసేదీ రెండూ 00:00 ఇవ్వాలి. నేను 00:00 నుంచి 23:59 ఇచ్చాను. దాని అర్థం 24 గంటలూ తెరిచి ఉంటుందని. అదే డేటాతో నడిచే మా పేజీలో భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ తాళం వేసిన 11 మెస్సుల పక్కన పచ్చగా "ఇప్పుడు తెరిచే ఉంది".

ఊరెళ్లలేకపోయిన హాస్టల్ పిల్లలకి ఆ మూడు రోజులే గైడ్ అసలు అవసరం. ఏడుగురు మెసేజ్ పెట్టారు. ఒకరు తాళం ఫొటో పంపారు, కింద "24 గంటల సర్వీసు బాగుంది మేడం" అని. నేను అప్పుడు మా అత్తగారింట్లో, అరిసెలు తింటూ. ఫోన్ చూడలేదు.

మార్చినవి:

1. "సెలవు" అనే గడిలో టిక్ పెడితే 00:00 రెండుచోట్లా అదే పడుతుంది. చేత్తో కొట్టేది లేదు.
2. పండగకి రెండు రోజుల ముందు ఆ పేజీలను బాబాయ్ తన ఫోన్‌లో తెరిచి చూసి సరే అంటేనే ముగిసినట్టు.
3. "పండక్కి తెరిచి ఉండేవి" అని వేరే పేజీ. కనుమ నాడు బాబాయ్ నడిచి వెతికితే ఆరు దొరికాయి. ఆలస్యంగానైనా పెట్టాం.

లెక్క: ఎంట్రీలు 63 (6 కొత్తవి, 4 మూత), నడిచింది 112 కి.మీ., టిఫిన్ ఖర్చు ₹4,410.

దశ 6: కాగితం (25 జనవరి – 9 ఫిబ్రవరి)

ఇక్కడి వాళ్లు గూగుల్‌లో వెతికే ముందు హాస్టల్ గోడ చూస్తారు. క్యూఆర్ కోడ్‌తో చిన్న కాగితం చేసి జిరాక్స్ షాపుల్లో, హాస్టళ్ల మెట్ల దగ్గర అడిగి అంటించాం.

మొదటి 40 కాగితాలు దండగ. పాత పొడుగు తెలుగు లింకునే కోడ్ చేశాను. క్యూఆర్‌లో లింకు పెరిగేకొద్దీ గళ్లు పెరుగుతాయి. మాది పక్కకి 45 గళ్లు అయింది. దాన్ని రెండున్నర సెంటీమీటర్లలో ఇరికించి నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పది ఫోన్లతో చూస్తే మూడే చదివాయి. 26 గుర్తుల్లోపు లింకు పెడితే 25 గళ్లలో ఇమిడిపోతుంది. మాది 22కి కుదించాను. అదే సైజు, అదే జిరాక్స్ మిషన్, పదికి పది.

రెండోసారి పది కాగితాలకి లామినేషన్ చేయించాను, వానకీ నూనెకీ తట్టుకుంటుందని. మెస్ కౌంటర్ మీద ట్యూబ్‌లైట్ సరిగ్గా కోడ్ మీదే మెరుస్తోంది. అంచులకి మాత్రం సెల్లోటేపు వేసి మామూలు కాగితమే పెట్టాం.

ఖర్చు: జిరాక్స్ ₹2 చొప్పున 80 కాగితాలు ₹160, లామినేషన్ పదికి ₹200. మొత్తం ₹360, అందులో ₹280 నేర్చుకున్న ఫీజు.

దశ 7: డబ్బులు (10 – 23 ఫిబ్రవరి)

ఒక రెస్టారెంట్ మేనేజరు ఫోన్ చేశాడు. నెలకి ₹3,000 ఇస్తాం, జాబితాలో పైన పెట్టండి అని. మా గీత లోపలిదే, తిండి కూడా బాగానే ఉంటుంది. నాకు మనసు ఊగింది, నిజం చెప్తున్నాను. డబ్బు తీసుకుంటే ప్రకటన అని పక్కన స్పష్టంగా రాయాలి, అది నియమం, మర్యాద కూడా. అలా రాసి పెడదామా అని బాబాయ్‌ని అడిగాను. "మన జాబితాలో పైన ఉండేది తొందరగా తెరిచేదమ్మా. ఆయన్ని ఆరింటికి తెరవమను, ఊరికే పెడతా" అన్నాడు. ఆయన పన్నెండింటికి తెరుస్తాడు.

బిల్లు కట్టకుండా తినకూడదన్న నియమం మాత్రం ఒకసారి తప్పింది. పూరీ బండి ఆయన బాబాయ్ దగ్గర డబ్బులు తీసుకోనని పట్టుబట్టాడు. బాబాయ్ మర్నాడు వెళ్లి ఇద్దరు పిల్లల బిల్లు కట్టి వచ్చాడు. ఆ ₹70 ఖర్చులో రాశాను, ఏ పద్దు కింద రాయాలో తెలీక "ఇతరములు".

ఫిబ్రవరి 23 నాటికి:

- పేజీలు: 71 (చోట్లు 66, జాబితాలు 5)
- ఇండెక్స్‌లో: 64
- 28 రోజుల్లో కనిపించింది: 11,480 సార్లు
- క్లిక్కులు: 1,036
- నడిచింది: 141 కి.మీ.
- టిఫిన్, కాగితాల ఖర్చు మొత్తం: ₹5,620 (డొమైన్, హోస్టింగ్ బాబాయ్ ఏటా కట్టేవే, ఇందులో కలపలేదు)

ఎక్కువ మంది తెరిచిన పేజీ "ఉదయం 6కే దొరికేవి". రెండోది "ఆదివారం రాత్రి మెస్సులు". బిర్యానీ కోసం వెతికి వచ్చినవాళ్లు నలుగురు, పాపం.

తేలనిది ఒకటుంది. 66 చోట్లను 45 రోజులకోసారి మళ్లీ చూడాలంటే వారానికి పది దాటాలి. బాబాయ్ మోకాలు ఆరు చోట్ల దాకానే ఒప్పుకుంటోంది. ఈ వారం ఎరుపు తేదీలు తొమ్మిది. చూడని చోటుకి తేదీ మార్చడం కుదరదు కాబట్టి, చోట్లు 50కి తగ్గిద్దామా, ఇంకో మనిషిని చూద్దామా అని మాట్లాడుకుంటున్నాం. లైబ్రరీకి వచ్చే పిల్లల్లో ఇద్దరు టిఫిన్ బిల్లు ఇస్తే చేస్తామన్నారు. వచ్చే శనివారం వాళ్లని వెంటబెట్టుకుని తిరగాలి, అయిపోయే టైము ఎలా కొలవాలో చూపించడానికి.

23 ఫిబ్రవరి, ఆదివారం, 7:40: పెసరట్టు బండి పాత చోట లేదని బాబాయ్ ఫోన్. పది నిమిషాలకి మళ్లీ ఫోన్, రెండు సందుల అవతల దొరికింది, రోడ్డు తవ్వుతున్నారని జరిపారట. పిన్ను మార్చాను, దారి మళ్లీ రాశాను. బండి ఫొటో పంపు బాబాయ్ అంటే, పెనం మీద ఉంది, తిన్నాక పంపుతా అన్నాడు.